చుక్క పొడువని దేశము

జ్యేష్ఠమాసము ముగియవచ్చుసరికి తెలుగునాట ఏరువాక సాగి తొలకరిచినుకులకు నేల కమ్మని వాసన గొట్టుచు ప్రొద్దు గ్రుంకినది మొదలు కప్పల రొద చెవులు గింగురుమనిపించుచుండును. అదే కాలమున భూగోళముయొక్క ఉత్తరపు కొసను శీతలమహాసముద్రమధ్యమున ఒంటిగా పడియున్న ఐస్‌లాండు ద్వీపమునందు సూర్యభగవానుడు తన దినయాత్రను ముగించుటయే మఱచినవాడై పడమటి కడలియంచున నిలిచి దిగుదునా మానుదునా యని తటపటాయించి కడకు అర్ధరాత్రము దాటినపిదప చుట్టపుచూపుగా నీట మునిగి తడియాఱకమునుపే ఈవలికి తేలుచుండును. నల్లని యిసుకమైదానములును పచ్చని నాచు క్రమ్మిన అగ్నిశిలాక్షేత్రములును గగనచుంబులగు కొండకొమ్ములనుండి దూకు జలపాతములును ఆ కొండల తలలపై యుగయుగములుగా కరగక పేరుకొన్న ధవళహిమరాశులును ఆ ఎడతెగని వెలుతురులో ఱెప్పవేయక మేలుకొనియుండును. చూడవచ్చిన యాత్రికులకు ఆ వెలుతురు కన్నులపండువు. ఆ సోమవారపు సాయంకాలమున దక్షిణతీరపు బాటవెంట తూర్పునకు పరువెత్తుచున్న బూడిదవన్నె కారులోని తెలుగు దంపతులకు మాత్రము అది మెడమీది కత్తి.

ఆ దంపతులలో పురుషుడు పిఠాపురనివాసియగు యజ్ఞనారాయణ సిద్ధాంతి. తాతముత్తాతలనాటినుండి పంచాంగగణితమే జీవికగా గల యింట జన్మించి కళాశాలలో గణితశాస్త్రమునుగూడ చదివిన ఆయన ఏటేట గుణించి అచ్చువేయించు పంచాంగమును చూచుకొనియే గోదావరికి ఈవలను ఆవలను అనేకగృహములవారు నామకరణము మొదలు తద్దినమువఱకు సమస్తమును నడుపుకొనుచుందురు. సూర్యోదయము ఒక్క విఘడియ తప్పెనని తెలిసినచో ఆయనకు ఆ పూట అన్నము సహింపదు. అబద్ధమాడుట యెట్లో ఎఱుగడు. ఎఱుగకపోవుటచేతనే బంధువర్గములో ఆయనకు చెలిమికాండ్రు తక్కువ. కల్యాణమంటపము దొరకలేదు ముహూర్తమును కొంచెము ముందునకు జరుపుడని బ్రతిమాలిన పెండ్లివారితో "కాలం మా అబ్బసొత్తు కాదండీ, జరపడానికి" అని చెప్పి ఎందఱినో వీధిగుమ్మమునుండియే సాగనంపిన మొండివాడు.

ఆయన ధర్మపత్ని భ్రమరాంబ. భర్త గణించుటయు భార్య ఆచరించుటయు ఆ యింటి యేర్పాటు. ఆయన ఏకాదశి యనిన ఆమెకు ఉపవాసము. ఆయన పారణ యనిన ఆమెకు భోజనము. మధుమేహముచేత దేహము సగమై వేళకు తినకున్న ప్రాణాపాయమని వైద్యుడు గద్దించుచున్నను ఆమె వ్రతములను విడిచినది లేదు. కారు నడుపుచున్న మూడవ మనిషి సిగ్రున్ అను ఆ ద్వీపపు ఆడుమనిషి. ఆమె తూర్పుతీరమున గొఱ్ఱెలమందను పెంచుకొనుచు తన యింటిలోని యొక గదిని ఆ దంపతుల యేకైకపుత్రికయగు హైమవతికి అద్దెకిచ్చి కొన్నినెలలకే అద్దె తీసికొనుట మానివేసిన మంచిమనసుగల విధవరాలు.

హైమవతి హిమానీనదముల గమనమును పరిశోధించు విద్యార్థిని. "మంచుకొండ కూతురని పేరు పెట్టారు. మంచుకొండకు పోక ఇంకెక్కడికి పోతుంది?" అని తల్లి భర్తను దెప్పుచుండుట కలదు. ఆ శనివారమునాడు ఆ పిల్ల మంచుపైని కొలతలు తీయుచుండ కాలిక్రింది పొర విఱిగి లోతైన మంచుబీటలో పడెను. తోడివారు త్రాళ్ళతో పైకి లాగి తూర్పుతీరమున నొక చిన్నపట్టణపు ఆసుపత్రికి చేర్చిరి. తలకు తగిలిన దెబ్బచేత ఆమె కన్ను తెఱవలేదు. రాజధానిలోని పెద్ద వైద్యశాలకు విమానమున తరలింపవలసియుండెను గాని ఆ తీరమునంతను దట్టపు పొగమంచు క్రమ్మి యే విమానమునకును దిగుటకు వీలు చిక్కకుండెను. ఆ కారణముచేతనే రాజధానిలో దిగిన తల్లిదండ్రులకును ఆకాశమార్గము మూసికొనిపోయెను. సిగ్రున్ వారిని తీసికొనిపోవుటకు ద్వీపమునకు ఆ కొసనుండి ఈ కొసవఱకు కారు నడుపుకొని వచ్చి ఒక్కగంటయైన నడుము వాల్పక తిరిగి బయలుదేఱెను.

ఇంతవఱకు కష్టమేగాని వింత యేమియు లేదు. వింత హైదరాబాదు విమానాశ్రయముననే జరిగెను. శ్రావణమున కుమార్తెను చూచిపోవుటకై ముందుగనే అనుమతులన్నియు సంపాదించుకొనియుండుటచేత వార్త విన్న మఱునాడే వారు ప్రయాణమై సోమవారపు వేకువను అచ్చట కూర్చుండియుండిరి. భ్రమరాంబ తడిజుట్టు ముడివైచుకొని వచ్చి భర్తయెదుట కుడిచేయి చాచి నిలిచెను.

"ఇవాళ అమావాస్య సోమవారం. నక్తం ఉంటానండీ. చుక్క చూసేదాకా పచ్చి మంచినీళ్ళయినా ముట్టను. నా బిడ్డ కళ్ళు తెరవాలి. సంకల్పం చెప్పించండి."

పగలెల్ల నిరాహారులై సాయంకాలమున నక్షత్రమును చూచి భుజించుట నక్తవ్రతము. ఎన్నియో కార్తికసోమవారములు ఆమె చేసినదే. సిద్ధాంతి సీసాలోని నీళ్ళు ఆమె దోసిట పోసి "మేరోర్దక్షిణదిగ్భాగే" యని స్వరము తప్పక సంకల్పము చెప్పించెను. "అక్కడ చుక్క ఎప్పుడు పొడుస్తుంది?" అని ఆమె యడుగగా "సాయంత్రానికి దిగుతాం. దిగిన కాసేపటికే కనబడుతుంది, ఓపిక పట్టు" అని పలికెను. ఉత్తరధ్రువమున గల మేరువునందలి దేవతలకు ఆఱునెలలు పగలు ఆఱునెలలు రాత్రి యని బాల్యమున వల్లించి యౌవనమున గుణించి వార్ధక్యమున శిష్యులకు బోధించిన ఆ మహాగణకునకు తాను ఆ మేరువువైపునకే భార్యను తోడ్కొనిపోవుచున్నానని తోపలేదు. శ్లోకములో ఉన్న దేశమునకు టిక్కెట్టు దొరకునని ఎవరికి మాత్రము తోచును?

కారు పరువెత్తుచుండెను. ఎడమప్రక్కను గోడకట్టినట్లు నిలిచిన కొండలనుండి జలపాతములు దూకుచుండెను. ఆ నీటితుంపరలు గాలికి కొట్టుకొనివచ్చి కారు అద్దములను తడిపినప్పుడు నాలుక పిడచగట్టిన భ్రమరాంబ కన్నులు మూసికొనెను. మఱికొంతసేపటికి ఆమె తల యెత్తి సూర్యుని వంక చూచి భర్తను మెల్లగా నడిగెను.

"మన ఊళ్ళో అయితే ఎప్పుడో దీపాలు పెట్టేవాళ్ళం. ఇక్కడ ఇంకా ఎంతసేపండీ?"

సిద్ధాంతి అలవాటుచొప్పున గడియారము చూచెను. సూర్యుని చూచెను. ప్రయాణభారముచేతను పుత్రికాదుఃఖముచేతను మొద్దువాఱియున్న ఆయన బుద్ధి అప్పుడు మేల్కొనెను. అక్షాంశమును తలచుకొనెను, సూర్యక్రాంతిని తలచుకొనెను, పెదవులు కదలుచుండ వ్రేళ్ళకణుపులపై లెక్క కట్టెను. తప్పు దొరలెనేమో యని మరల కట్టెను. ఎన్నిమాఱులు కట్టినను ఆ లెక్క ఒక్కటే చెప్పుచుండెను. సూర్యుడు నీటి యంచునకు దిగువకు పోవునుగాని చీకటి పడునంత లోతునకు పోడు, నేటిరాత్రియు పోడు, రేపటిరాత్రియు పోడు, శ్రావణము సగము గడచువఱకు ఈ దేశమున చుక్క పొడువదు. గణితము తప్పినప్పుడు అన్నము సహింపని ఆ మనుష్యునకు గణితము తప్పకపోవుటచేత ప్రాణము పోవునంత భయము వేసినది అదియే మొదలు.

దాచుట ఆయనకు చేతగాదు. ఉన్నది ఉన్నట్లు చెప్పెను. భ్రమరాంబ "అయితే చుక్క లేదన్నమాట" అని మాత్రమనెను.

"ఆతురే నియమో నాస్తి. రోగికి నియమం లేదు భ్రమరా. నువ్వు మాత్రలు వేసుకునే మనిషివి. నీళ్ళు తాగు. దోషమంటే నాది, చెప్పించినవాణ్ణి నేను."

"రోగిని నేను కాదండీ, అక్కడ పడుకుని ఉంది. నాకు మినహాయింపు మీరిస్తారు. దానికెవరిస్తారు?"

సిద్ధాంతి నవీనశాస్త్రమును శరణుజొచ్చెను. "సూర్యుడు కూడా నక్షత్రమేనే. నేను కాలేజీలో చదువుకున్నాను. అదుగో, వెనకవైపు ఉన్నాడు. చూసి పారణ చెయ్యి."

ఆ దుఃఖములోను ఆమె పెదవి యొక్కింత వంకరపోయెను. "ఇన్నేళ్ళూ పంచాంగంలో సూర్యుణ్ణి గ్రహమని రాశారు. ఇవాళ నా ఆకలి కోసం నక్షత్రమని మారుస్తారా?"

ముక్కుసూటి మగనితో దీర్ఘకాలము కాపురము చేసిన యిల్లాలికి ఆయన యాయుధములే అలవడునుగదా!

కొండలు వెనుకబడి నల్లని యిసుకయెడారి వచ్చెను. కనుచూపు మేర చెట్టు లేదు చేమ లేదు. అగ్నిపర్వతములు క్రక్కిన బూడిదయు మంచునదులు ఈడ్చితెచ్చిన గులకరాలును తప్ప మఱియేమియు లేని ఆ మైదానమున బాట ఒక్కటి గీత గీచినట్లు సాగిపోవుచుండెను. భ్రమరాంబ దేహము వణకదొడగెను. నుదుట చెమట పోసెను. సిగ్రున్ అద్దములో చూచి కారు నాపి వెనుకకు తిరిగి ఆమెకు జబ్బు చేసినదా యని అడిగెను. సిద్ధాంతి ఆంగ్లమున తడుముకొనుచు వ్రతవృత్తాంతమంతయు వివరించెను. సిగ్రున్ నవ్వలేదు. ఆశ్చర్యపడనులేదు. అందింపబోయిన ఫ్లాస్కు మూత బిగించుచు చెప్పెను.

"మా ఊరు రెండు కొండల నడుమ ఉంటుంది. చలికాలంలో సూర్యుడు ఆ కొండ దాటి పైకి రాడు. వారాల తరబడి మాకు ఎండే ఉండదు. మళ్ళీ కనబడిన రోజున అట్లు పోసుకుని, కాఫీ కాచుకుని, ఇరుగుపొరుగును పిలిచి పండుగ చేసుకుంటాం. అంతేగాని కనబడేదాకా కాఫీ తాగబోమని ఎవరూ ఒట్టు పెట్టుకోరు."

సిద్ధాంతి తెనిగించి చెప్పగా భ్రమరాంబ కన్నులు తెఱచి "అన్నాళ్ళు ఎలా ఓర్చుకుంటారో అడగండి" అనెను.

సిగ్రున్ భుజము లెగురవైచి "కొండ వెనకాల ఉన్నాడని తెలుసుగా" అని చెప్పి కారు కదలించెను.

అర్ధరాత్రము సమీపించుచుండ వారు మంచుసరస్సును చేరిరి. మహాహిమానీనదమొకటి కొండలనడుమనుండి జాఱివచ్చి ఆ సరస్సులో విఱిగిపడుచుండ నీలవర్ణమగు మంచుఖండములు ఏనుగులమందవలె నీటిపై మెల్లమెల్లగా కదలుచు సముద్రమునకు పోవుచుండెను. ఆ అరుణకాంతిలో అట్టి సౌందర్యమును చూచుటకు మనుష్యులు సముద్రములు దాటి వత్తురు. భ్రమరాంబకు మాత్రము అది తన బిడ్డను మ్రింగి ఉమిసిన నోరుగా కనబడెను. ఆమె అద్దమునకు అరచేయి ఆనించి ఒక్కమాఱుగా భోరున నేడ్చెను. ఏడ్చుటకుగూడ కన్నీరు చాలినంత లేదు. సిద్ధాంతి ఆమె వీపు నిమురుటకు చేయి చాచి నీళ్ళు త్రాగుమని చెప్పజాలక త్రాగవద్దని చెప్పజాలక ఆ చేతిని అట్లే ఉంచుకొనెను. సిగ్రున్ ఆసుపత్రికి ఫోనుచేసి మాటలాడి వచ్చెను. పిల్లకు ఊపిరి యాడుచున్నది; కన్ను తెఱవలేదు; పొగమంచు విడలేదు. చెప్పుటకు అంతకన్న ఏమియు లేదు.

పిదప సూర్యుడు ఉత్తరపు కొండల వెనుక గ్రుంకెను. ఆకాశము ముత్యపుచిప్ప లోపలివన్నె దాల్చి అట్లే నిలిచిపోయెను. కడలికిని గగనమునకును నడుమనుండు గీత చెఱగిపోయి రెండును ఒక్క బూడిదవన్నె తెరగా కనబడుచుండెను. బాట సముద్రమునకును కొండకును నడుమ ఇఱుకుగా పోవుచున్న చోట భ్రమరాంబ హఠాత్తుగా లేచి కూర్చుండి వ్రేలితో చూపెను. ఆ తెరలో నొక్క తెల్లని చుక్క మినుకుమినుకుమనుచుండెను.

"అదుగోనండీ! అదుగో! పొడిచింది!"

ఆ ముఖమున వెలిగిన ఆశను చూచిన పాషాణమైనను నోరు మూసికొనియుండును. మఱియొక మగడైనచో అవునని యుండును. అవుననకున్నను కాదనకుండును. యజ్ఞనారాయణ సిద్ధాంతి కన్నులు చిట్లించి చూచి ఆ దిక్కున ఆ యెత్తున ఏ తారయు ఉండదని మనసులో నిర్ణయించుకొని బాణము విడిచినట్లు పలికెను.

"కాదు. అది చేపలపడవ. తెరచాపకొయ్యమీద దీపం."

ఆమె మరల వెనుకకు వ్రాలెను. దీపము మెల్లగా ప్రక్కకు జరిగిపోయెను. అప్పుడు సిద్ధాంతి తన నాలుకను తానే అసహ్యించుకొనెను. ఆ నాలుక సత్యము తప్ప పలుకదని ఆయన లోలోపల గర్వపడుచుండెడివాడు. ఆ గర్వమునకు ఇంటిలో నేనాడును మూల్యము చెల్లింపలేదు, ఊరివారే చెల్లించిరి. ఇప్పుడు భార్య చెల్లించుచుండెను. ఆయన ముఖమును చేతులలో దాచుకొని ఈ ముసలివానిని తీసికొనిపోయి ఆ యిద్దఱిని ఉంచుమని దేవుని పేరు లేకయే ప్రార్థించెను.

తెల్లవాఱుట అనుట ఆ దేశమున మాటవరుసకే గాని సూర్యుడు మరల పైకి వచ్చి చాలసేపయినపిదప వారు కట్టకడపటి కనుమను ఎక్కిరి. క్రింద లోయనిండ పొగమంచు పాలు పొంగినట్లు నిండియుండెను. ఆ మంచుక్రింద ఎక్కడనో ఆసుపత్రి కలదు. కనుమపైన మాత్రము ఆకాశము కడిగిన పళ్ళెమువలె నిర్మలముగా ఉండెను. అచ్చట భ్రమరాంబ తల ప్రక్కకు వ్రాలిపోయెను. పిలిచిన పలుకలేదు. అరచేతులు చల్లబడెను. సిగ్రున్ కారు నాపి పరువెత్తివచ్చి ఆమె మణికట్టు పట్టి చూచి సిద్ధాంతి కన్నులలోనికి చూచుచు కఠినముగా పలికెను.

"దిగువకు దారి మంచులో ఉంది. మెల్లగా పోవాలి. ఆమె కాస్త తీపి తాగకపోతే మనం దిగేసరికి ఆమె ఉండదు. బలవంతంగా పోయనా?"

"వద్దు" అని సిద్ధాంతి ఎలుగెత్తి యఱచెను. బలవంతముగా పోసినచో ఆమె బ్రదుకునేమో గాని బిడ్డకేదేని జరిగినప్పుడు ఆ నీటిచుక్కను తలచుకొని జీవితాంతము చచ్చుచుండునని ఆయన ఎఱుగును. చెమ్మగిల్లిన గుడ్డతో ఆమె ముఖము తుడిచి రెండుచేతులతో ఎత్తి బయటికి తెచ్చి నాచు క్రమ్మిన యొక బండపై తన యొడికి ఆనించి కూర్చుండబెట్టెను. చల్లనిగాలికి ఆమె కన్ను సగము విచ్చెను. ఆయన సూర్యుని చూచెను, గడియారము చూచెను, మరల ఒక్కమాఱు మనసులో లెక్క కట్టెను. ఈ అక్షాంశమున సప్తర్షులు అస్తమింపరు. ఈ వేళకు వారు ఉత్తరదిక్కున ఆ మంచుకొండ కొమ్మునకు పైగా ఉందురు. ఉన్నారు. ఈ వెలుతురునకు వెనుక నిశ్చయముగా ఉన్నారు.

ఆయన భార్య చేయి తన చేతిలోనికి తీసికొని ఆమె చూపుడువ్రేలిని చాపి పెండ్లిపందిటిలో పురోహితుడు పట్టి చూపినట్లు ఆ కొమ్మువైపునకు ఎత్తెను.

"భ్రమరా, కళ్ళు తెరువు. అదుగో, ఆ కొండకొమ్ముకు పైన. వసిష్ఠుడు. పక్కనే అరుంధతి."

స్థానము సత్యము. అంతవఱకు ఆయన నాలుక తడబడలేదు. ఆమె వెలవెలబోయిన కన్నులతో ఆ నీలాకాశమును చాలసేపు వెదకి "మీకు కనబడుతోందా?" అని అడిగెను.

దీర్ఘకాలము సానబెట్టి దాచుకొన్న యొక్క ధనమును ఒక్కక్షణమున సముద్రమున పాఱవైచు లోభివలె ఆయన వణకెను. వణకుచునే పలికెను.

"కనబడుతోంది."

చదువరులు ఇచ్చట ఒక్క సంగతి తెలిసికొనవలెను. మనవారి పెండ్లిండ్లలో పట్టపగలు సైతము వధూవరులను పందిరి వెలుపలికి తెచ్చి అరుంధతిని చూపుట ఆచారము. కనబడినదా యని పురోహితుడు అడుగును, కనబడినదని వారందురు, ఎవరికిని ఏమియు కనబడదు, ఎవరును ఆక్షేపింపరు. ఈ దంపతుల వివాహమున మాత్రము వైశాఖపుటెండలో వధువు తల వంచుకొని కనబడినదని చెప్పగా వరుడు మెడ నిక్కించి కనబడలేదనియు ఈ మాసమున ఈ వేళకు అరుంధతి భూమికి దిగువ ఉండుననియు అందఱియెదుట చెప్పెను. పందిరియంతయు గొల్లుమనెను. పెండ్లికూతురు ముఖము సిగ్గుచేత కందిపోయెను. ఆనాటినుండి భర్త అబద్ధమాడడని ఊరివారికన్న ముందుగా ఆమెకు తెలిసెను.

ఇప్పుడు ఆ కనుమపైన ఆమె భర్త ముఖమును తల పైకెత్తి చూచెను. ఆయన కన్నులనుండి నీరు ధారలుగా కాఱుచుండెను. నీళ్ళు నిండిన ఆ కన్నులకు చుక్క కాదుగదా ఎదుటి కొండయే కనబడుచుండదని ఆమె గ్రహింపకపోలేదు.

"ఆనాడు అందరిముందూ కనబడలేదన్న మనిషి మీరు. ఇవాళ మీరే కనబడుతోందంటే..." అని ఆగి ఎండిన పెదవులు తడుపుకొని మరల ఆ శూన్యాకాశమును తేఱిపాఱజూచి "అవునండీ. కనబడింది" అనెను.

సిగ్రున్ పంచదార కలిపిన నీళ్ళు అందిచ్చెను. సిద్ధాంతి "పారణ చెయ్యి" అని చెప్పి తన చేతితో గ్రుక్కగ్రుక్కగా త్రాగించెను. పిమ్మట ఆ దేశపు గట్టిపెరుగు రెండుచెంచాలు పెట్టిరి. మెల్లమెల్లగా ఆమె అరచేతులకు వేడి వచ్చెను. సిగ్రున్ మిగిలిన పెరుగును సిద్ధాంతికి చూపగా ఆయన తల యడ్డముగా ఊపి భార్యను కారులోనికి ఎక్కించెను. కారు ఆ పాలవంటి మంచులోనికి దీపములు వెలిగించుకొని దిగిపోయెను.

ఆసుపత్రి వాకిట నొక దాది వారికెదురువచ్చెను. రోగి కన్ను తెఱచినదనియు తమకు తెలియని భాషలో ఏదో ఒక్కమాటనే పదేపదే అనుచున్నదనియు ఆమె చెప్పెను. ఆ మాట యేదని సిగ్రున్ అడుగగా దాది నోరు సరిగా తిరుగకున్నను "అమ్మా" యని పలికి చూపెను. ఆ కన్ను ఎన్నిగంటలకు తెఱచినది? కనుమపైన పారణకు ముందా పిదపా? వ్రతఫలమా వైద్యుని చేతిచలువా లేక ఆ అసత్యము చేసిన పుణ్యమా? అడిగినచో దాది చెప్పియే యుండును. సిద్ధాంతి అడుగలేదు. ఒక సంఘటన జరిగిన వేళను ఆయన అడుగకపోవుట పుట్టి బుద్ధి యెఱిగిన పిదప అదియొక్కటే.

పిల్ల తలకు కట్లతో కాలికి పట్టీలతో తెల్లని ప్రక్కమీద పడియుండెను. నడుచుటకు నెలలు పట్టుననియు ప్రాణభయము మాత్రము గడచెననియు వైద్యులు చెప్పిరి. భ్రమరాంబ ఆ ప్రక్కను కూర్చుండి బిడ్డ అరికాళ్ళు మొదలుకొని నుదుటివఱకు తడవి తడవి చూచుకొని నవ్వుచు ఏడ్చెను. దాది దయగలదై తల్లిదండ్రులిద్దఱకు అన్నమును ఉడికించిన కూరలును పళ్ళెములలో తెచ్చి ఉంచెను. భ్రమరాంబ కలుపుకొని తినసాగెను. సిద్ధాంతి తన పళ్ళెమును ముట్టక కిటికీవైపు తిరిగి కూర్చుండెను. ఆయన ముందునాటి వేకువనుండి భార్యతోపాటు పస్తున్న సంగతి ఆ తొందరలో ఎవరును గమనింపలేదు.

హైమవతి గమనించెను. నీరసముగా తల త్రిప్పి "నాన్నగారూ, మీరు భోంచెయ్యరేం?" అని అడిగెను.

ఒకనాటికి ఒక్క అసత్యమే ఆ మనుష్యునకు మోయరానంత బరువు. రెండవదానికి ఆయన కడ శక్తి లేదు. పైగా తాను ఆడిన మాటకు ఋణము తానే తీర్పవలెనని ఆయన కనుమమీదనే నిశ్చయించుకొనెను. తల వంచుకొని మెల్లగా బదులు చెప్పెను.

"పాలు తాగుతానమ్మా. అన్నం మాత్రం శ్రావణంలో. నాకింకా చుక్క కనబడలేదు."

భ్రమరాంబ చేతిలోని ముద్ద నోటికడ ఆగెను. కూతురు తల్లి ముఖమును చూచెను. ఒక్క నిమిషమాత్రము ఆ ముద్ద అట్లే నిలిచియుండెను. ఆ పిదప ఆమె దానిని నిదానముగా నోట పెట్టుకొని నమిలి మ్రింగి ఎడమచేతితో బిడ్డ దుప్పటి సవరించుచు ఏమియు జరుగనట్లు పలికెను.

"మీ నాన్నగారికి చూపు మందగించిందే తల్లీ. ఊరెళ్ళాక అద్దాలు మార్పించాలి. నాకు స్పష్టంగా కనబడింది."

కిటికీ వెలుపల మంచుతెర విడిపోవుచుండెను. ఆకాశము అంచునుండి అంచువఱకు వెలుతురుతో నిండియుండెను. అందొక్క చుక్కయైనను లేదు. సత్యవ్రతుడు ఆకలితో తల వంచుకొనియుండగా ఆయన ఆడిన యొక్క అసత్యమును బిడ్డకొఱకు నిజము చేయుచు కడుపార భుజించుచున్న ఆ యిల్లాలిది వ్రతభంగమో వ్రతసమాప్తియో నిర్ణయించు ధర్మశాస్త్రము ఇంతవఱకు వ్రాయబడలేదు.